పదకొండో నంబరు గ్రంథి

మా విభాగం వాళ్ళు ఏటా ఒక సంచిక వేస్తారు. ఆ ఏడాది రిటైరైన వాళ్ళ గురించి అందులో రెండేసి పేజీలు ఉంటాయి. ఈసారి నీలం బాబాయ్ గురించి రాసే పని నా నెత్తిన పడింది. "ఆయన దగ్గర పని నేర్చుకున్నది మీరేగా మేడమ్, మీరైతే బాగా రాస్తారు" అన్నారు. బాగా రాయడానికేం భాగ్యం! కలం పట్టుకోగానే నిరాడంబరుడు, నిజాయితీపరుడు, అజాతశత్రువు అని మూడు ముక్కలు వాటంతట అవే వచ్చి కూర్చున్నాయి. రాశాను, చదువుకున్నాను, కాగితం చింపేశాను. ఆ మూడు మాటలూ నిజమే. వాటిని రాసే అర్హత నాకు లేదు.

అందుకని మొదటినుంచీ చెప్తాను, కాస్త ఓపిక పట్టండి. నాకు కోపం ఎక్కువ, నోరు ఇంకా ఎక్కువ. ఈ రెండూ తెలియనివాళ్ళు మా భవనంలో లేరు. పిరికితనం కూడా ఎక్కువేనన్న సంగతి మాత్రం ఇన్నాళ్ళూ ఒక్క బాబాయ్‌కే తెలుసు.

బాబాయ్ అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినబడేది కాదు. ఆయన వేళ్ళ కొసలు ఎప్పుడూ నీలంగా ఉండేవి, అందుకని నీలం బాబాయ్. మేం వాడే రంగుమందు ఒంటికి అంటితే సబ్బుకి లొంగదు. ఆ చర్మం ఊడి కొత్తది రావాల్సిందే. అందుకే మేమంతా చేతులకి రబ్బరు తొడుగులు వేసుకునేవాళ్ళం. ఆయన వేసుకునేవాడు కాదు.

"తొడుగేసుకుంటే కత్తి ఏమంటోందో తెలీదమ్మా" అనేవాడు.

"కత్తి మాట్లాడుతుందా బాబాయ్?"

"మాట్లాడుతుంది. నీ అంత కాదులే."

కొయ్యడం ఆయన పని. గడ్డకట్టించిన గ్రంథిని చలిపెట్టెలో పెట్టి ఉల్లిపొరకన్నా పల్చగా కొయ్యాలి. చలిపెట్టె అంటే నడుమెత్తు ఉండే ఫ్రీజరు లాంటిది. లోపల మైనస్ ఇరవై డిగ్రీల చలిలో ఒక కత్తి, బయట ఒక చక్రం. చక్రం ఒక చుట్టు తిప్పితే ఒక పొర తెగి కత్తి మీదికి జారుతుంది. దాన్ని కుంచెతో సర్ది, గాజు స్లైడు తాకిస్తే అతుక్కుంటుంది. మన ఊపిరి తగిలినా చాలు, చుట్టుకుపోతుంది. అందుకని బాబాయ్ ఊపిరి బిగబట్టి కోసేవాడు. ఒక్కో పొరకీ ఆయనతోపాటు నేనూ బిగబట్టేదాన్ని. ఇద్దరం ఒకేసారి "హమ్మయ్య" అనేవాళ్ళం. ఆ చలికి చేతులు కొంకర్లు పోకుండా పిన్ని, అంటే ఆయన భార్య, వేళ్ళ కొసలు బయటికి ఉండేట్టు ఊలు చేతొడుగులు అల్లి ఇచ్చేది. ఒక జత చిరిగేసరికి ఇంకో జత సిద్ధంగా ఉండేది. "మా ఆవిడకి నా వేళ్ళ కొలత నాకన్నా బాగా తెలుసు" అని మురిసిపోయేవాడు.

ఇక మేం కోసేదేమిటంటారా? మన మూత్రపిండాల నెత్తిన టోపీల్లా రెండు గ్రంథులుంటాయి, అడ్రినల్ గ్రంథులని. పెద్దవాళ్ళలో వాటి పరిమాణం ఏమంత కాదు. కడుపులో ఉన్న బిడ్డలో మాత్రం మూడో నెలకల్లా మూత్రపిండంతో పోటీపడేంత పెరుగుతాయి. వాటి మధ్యభాగం పగలనకా రాత్రనకా ముడిసరుకు తయారుచేసి తల్లి గర్భంలోని మాయకి పంపుతూ ఉంటుంది, దాంతో తల్లీబిడ్డలకి కావలసిన హార్మోను తయారవుతుంది. బిడ్డ పుట్టిన కొద్దినెలలకే ఆ మధ్యభాగం కరిగిపోతుంది. ఈ మాట మొదటిసారి చెప్పినప్పుడు బాబాయ్ చక్రం ఆపి, "అంత చాకిరీ చేసి చెప్పకుండా వెళ్ళిపోతుందా పాపం!" అన్నాడు.

ఆ చాకిరీకి ఒక ఎంజైము కావాలి. గ్లూకోజ్-సిక్స్-ఫాస్ఫేట్ డీహైడ్రోజినేజ్ అని దాని పేరు. బాబాయ్ దాన్ని "పొడుగుపేరాయన" అనేవాడు. ఈయన చక్కెరని మామూలుగా మండించే దారికి పంపడు. పక్కదారి పట్టించి, హార్మోన్ల తయారీకి కావలసిన బలాన్ని దాంట్లోంచి తీస్తాడు. గ్రంథిలో ఆయన ఎక్కడెక్కడ పనిచేస్తున్నాడో కంటికి చూపించడమే మా పరిశోధన. పొర మీద రంగుమందు, కాస్త చక్కెర వేసి వెచ్చగా ఉంచితే, ఆయన ఉన్నచోటల్లా నీలం తేలుతుంది. చక్కెర అంటే వంటింటిది కాదు, గ్లూకోజ్-సిక్స్-ఫాస్ఫేట్ అనే తెల్లటి పొడి. మాకు అది చక్కెరే.

ఎప్పుడూ రెండు జాడీలు పెట్టేదాన్ని. ఒకదానిలో చక్కెరతో సహా అన్నీ ఉంటాయి. రెండోదానిలో చక్కెర తప్ప అన్నీ ఉంటాయి. మొదటిది నీలం రావాలి, రెండోది రాకూడదు. చక్కెర లేకుండానే నీలం వచ్చిందంటే ఆ రంగు అబద్ధం అన్నమాట.

బాబాయ్‌కి ఇంకో అలవాటుండేది. ఈ గ్రంథులు మాకు ఎక్కడినుంచి వస్తాయి? గర్భం నిలవక బిడ్డని పోగొట్టుకున్న తల్లులు, అంత దుఃఖంలోనూ సరేనని సంతకం పెడితే వస్తాయి. అందుకని ప్రతి గ్రంథిలోనూ మొదటి పొర నాకు ఇచ్చేవాడు కాదు. "నీకు ముప్ఫై ఉన్నాయిగా, ఒకటి ఆ తల్లిది" అనేవాడు. నా చక్కెర లేని జాడీలోంచి ఒక చుక్క తీసుకుని, తన దగ్గరున్న చక్కెర కాస్త కలిపి, ఆ ఒక్క స్లైడుకి తనే రంగు తెప్పించేవాడు. నంబరు వేసేవాడు కాదు, తేదీ మాత్రం రాసి చెక్కపెట్టెలో పెట్టేవాడు. ఎప్పుడైనా ఎవరైనా వచ్చి మా బిడ్డ ఏమైందని అడిగితే చూపించడానికి ఏదో ఒకటి ఉండాలట. నేను నవ్వేదాన్ని. ఎవరొస్తారు బాబాయ్, నీ చాదస్తం కాకపోతే, అనేదాన్ని.

అప్పటికి నా దగ్గర పది గ్రంథులున్నాయి. అన్నీ పద్నాలుగు వారాలు దాటినవే. పన్నెండు వారాలది ఒక్కటి దొరికితే, పొడుగుపేరాయన అంత తొందరగా పనిలోకి దిగాడా లేదా అన్నది తేలిపోతుంది, నా థీసిస్ పూర్తవుతుంది. ఏడాదిన్నర ఎదురుచూశాను. ఒకరోజు ఉదయం వార్డునుంచి ఫోను వచ్చింది. పన్నెండు వారాలు, తల్లి ఒప్పుకుంది, రమ్మన్నారు. బాబాయ్ మంచు నింపిన ఫ్లాస్కు పట్టుకుని బయల్దేరాడు. అదే పదకొండో నంబరు.

మామూలుగా నలభై నిమిషాల్లో వచ్చేస్తాడు. ఆ రోజు గంట పట్టింది. ఆ చివరి ఇరవై నిమిషాలూ నేను నిలువుకాళ్ళ మీద ఉన్నాను. ఇటు జాడీలు సిద్ధం చేస్తున్నాను, అటు మెట్ల మీద ఎవరి అడుగు వినబడినా తలుపు దగ్గరికి పరుగెత్తుతున్నాను.

"ఆవిడ ఏదో అడిగిందమ్మా, చెప్పి వచ్చాను" అన్నాడు లోపలికొస్తూ.

కందిగింజంత గ్రంథులు, కుడి ఒకటి, ఎడమ ఒకటి. రెండింటినీ గడ్డకట్టించి, ఎడమదాన్ని ఫ్రీజరులో దాచి, కుడిదాన్ని కోశాడు. ఆ రోజు కోసినంత చక్కగా ఆయన ఎప్పుడూ కొయ్యలేదు. ఒక్క పొర చిరగలేదు. స్లైడులు జాడీల్లో వేసి, వెచ్చటి పెట్టెలో పెట్టి, ముప్పావుగంట ఆగి తీశాను.

రెండు జాడీల్లోనూ తెల్లగానే ఉన్నాయి. మచ్చుకి కూడా నీలం లేదు.

నా ఒళ్ళు మండిపోయింది. గదిలో ఇద్దరు విద్యార్థులున్నారు, ఊడ్చే ఆవిడ ఉంది, నా అరుపులకి పెద్ద డాక్టరుగారు కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఆయన అప్పటి మా విభాగాధిపతి.

"ఇరవై నిమిషాలు! ఇరవై నిమిషాలు ఎవరితో కబుర్లు చెప్పారు మీరు?"

అప్పటిదాకా బాబాయ్‌ని నేను నువ్వు అనే పిలిచేదాన్ని. ఆ రోజు మీరు అన్నాను. గౌరవంతో అన్నది కాదని ఆయనకీ తెలుసు.

"మంచులోనే ఉందమ్మా. మంచులో పెట్టాకే మాట్లాడాను."

"మంచులో ఉంటే ఇలా చచ్చి ఊరుకుంటుందా? ఎంజైము బతికి ఉండాలంటే ఎంత తొందరపడాలో మీకు వేరే చెప్పాలా? ఏడాదిన్నర కాచుకున్నాను. ఒక తల్లి బిడ్డని ఇస్తే దారిలో పారబోసుకొచ్చారు. సిగ్గు లేదూ?"

ఈ ఆఖరి మాట రాయకుండా దాటేద్దామనుకున్నాను. అన్నాను కాబట్టి రాస్తున్నాను. ఊడ్చే ఆవిడ చీపురు పక్కన పెట్టి బయటికి వెళ్ళిపోయింది. ఎడమదాన్ని కూడా పారెయ్యమని పెద్ద డాక్టరుగారు చెప్పి వెళ్ళారు. రెండూ ఒకే ఫ్లాస్కులో వచ్చినవి కదా, ఒకటి చస్తే రెండోది బతుకుతుందా అన్నది ఆయన లెక్క.

అరగంట తర్వాత బాబాయ్ నా గదికి వచ్చాడు. చేతిలో ఒక స్లైడు ఉంది.

"ఒక్కసారి ఇది చూడమ్మా."

"ఇంక చూసేదేముంది? మీ మొహం చూడ్డమే ఎక్కువ. వెళ్ళండి."

వెళ్ళిపోయాడు. నేను కూర్చుని ఫిర్యాదు రాశాను. 'నిర్లక్ష్యం వల్ల అరుదైన నమూనా నాశనమైంది' అని నా దస్తూరీతోనే ఉంది, ఇప్పటికీ ఫైల్లో ఉంది. కింద ఆయన వివరణ కోసం నాలుగు గీతలు ఖాళీగా వదిలారు. అక్కడ బాబాయ్ ఒకే మాట రాశాడు, 'చూశాను' అని. పక్కన తేదీ. వారం తిరక్కుండా ఆయన్ని చలిపెట్టె దగ్గరినుంచి తీసి స్టోరుకి పంపేశారు. సీసాలు, పెట్టెలు, పాత రిజిస్టర్లు చూసుకునే పని. ఇరవై రెండేళ్ళు కత్తితో మాట్లాడిన మనిషి!

ఎనిమిదో రోజున, ఉతకడానికి వేద్దామని తెల్లకోటు జేబులు తడుముతున్నాను. ఒక చిన్న గాజు గొట్టం తగిలింది. మూత బిగించి ఉంది, లోపల తెల్లటి పొడి, మీద నా చేతిరాత. చక్కెర.

అంతా కళ్ళముందు కదిలింది. జాడీలో అన్నీ పోశాను, చక్కెర తూచి గొట్టంలో పోసుకున్నాను, వెయ్యబోతుంటే మెట్ల మీద అడుగుల చప్పుడు వినబడింది, గొట్టం జేబులో వేసుకుని తలుపు దగ్గరికి పరుగెత్తాను. తిరిగొచ్చి రెండు జాడీలకీ మూత పెట్టాను. రెండూ చక్కెర లేని జాడీలే. నీలం ఎక్కడినుంచి వస్తుంది, నా తలకాయ!

చచ్చినంత పనైంది. ఆ కోటు పట్టుకుని బల్ల కింద కూర్చున్నాను, నిజంగానే బల్ల కింద. లేచి నేరుగా స్టోరుకి వెళ్ళాల్సింది. వెళ్ళలేదు. పెద్ద డాక్టరుగారు ఊరుకోరు అనుకున్నాను. థీసిస్ ఇచ్చెయ్యగానే చెప్పేద్దామనుకున్నాను. స్టోరులో పని తేలికే కదా, ఆ చలిలో చేతులు పెట్టే బాధ తప్పింది కదా అని కూడా అనుకున్నాను. ఇంత సిగ్గులేని మాట నా మనసులోకి ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని తిరిగాను.

రెండు నెలల తర్వాత ఫ్రీజరు అడుగు అరలో ఏదో వెతుకుతుంటే చిన్న పొట్లం కనబడింది. '11 - ఎడమ' అని బాబాయ్ దస్తూరీ. పారెయ్యమన్నదాన్ని ఆయన పారెయ్యలేదు. తలుపు గడియ పెట్టుకుని నేనే కోశాను. పన్నెండు పొరల్లో ఏడు చిరిగాయి. మిగిలినవాటికి ఈసారి చక్కెర వేశాను, మూడుసార్లు చూసుకుని మరీ వేశాను. నీలం వచ్చింది. ఎలాంటి నీలమనుకున్నారు! అంచున పల్చగా, మధ్యభాగమంతా చిక్కగా. పన్నెండు వారాలకే పొడుగుపేరాయన పూర్తిస్థాయిలో పనిలో ఉన్నాడు. నేను ఏడాదిన్నరగా వెతుకుతున్న జవాబు అది. భయంతో ఏడుపు వచ్చింది.

దాన్ని పదకొండు ఎడమ అని రిజిస్టరులో ఎక్కిస్తే గ్రంథి బాగానే ఉందని ఒప్పుకున్నట్టే. బాగానే ఉంటే మరి బాబాయ్ స్టోరులో ఎందుకున్నాడు? అప్పటికి పదహారుదాకా నంబర్లు పడ్డాయి. దీనికి పదిహేడు వేశాను, కొత్తగా వచ్చినట్టు. వార్డు చీటీ నంబరు రాయాల్సిన గడిలో ఒక గీత గీసి వదిలేశాను. ఎవరూ అడగలేదు. ఆ పదిహేడుతోనే థీసిస్ పూర్తయింది, పేపరు అచ్చయింది, ఉద్యోగం వచ్చింది.

మధ్యలో ఇంకొకటి జరిగింది. థీసిస్ రాస్తున్న రోజుల్లో గేటు దగ్గరి మనిషి వచ్చి, "ఎవరో ఆవిడ మేడమ్, అప్పట్లో సంతకం పెట్టిందట, తన బిడ్డది ఏదైనా పనికొచ్చిందా అని అడుగుతోంది" అన్నాడు. తేదీ చెప్పాడు. పదకొండో నంబరు తల్లి. వరండా చివర బూడిదరంగు కోటు వేసుకుని నిలబడి ఉంది, చేతిసంచి రెండు చేతులతో పట్టుకుని.

"స్టోరుకి పంపించు. బాబాయ్ చూసుకుంటాడు" అని చెప్పి, నేను బాత్రూములోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాను. కుళాయి విప్పి పావుగంట అక్కడే ఉన్నాను. పాడైపోయిందని, తన చేతుల్లోనే పాడైందని బాబాయ్ ఆవిడకి చెప్పి ఉంటాడు, ఫైల్లో అలాగే ఉంది కదా అనుకున్నాను. ఏం చెప్పారని ఆయన్ని అడగలేదు.

తొమ్మిదేళ్ళు గడిచాయి. పెద్ద డాక్టరుగారు వెళ్ళిపోయారు, ఆ కుర్చీలో నేను కూర్చున్నాను. బాబాయ్‌ని మళ్ళీ చలిపెట్టె దగ్గరికి పిలిపించే అధికారం నా చేతికొచ్చింది. పిలిపిస్తే కారణం చెప్పాలి, అందుకని పిలిపించలేదు. స్టోరునుంచి ఏం కావాలన్నా వేరేవాళ్ళని పంపేదాన్ని. తప్పక ఎదురుపడితే బాబాయ్ ఒకటే అడిగేవాడు.

"రంగు బాగా వస్తోందా అమ్మా?"

"వస్తోందండీ" అని తల దించుకుని పోయేదాన్ని. ఒక్కోసారి అది ఎత్తిపొడుపేమో అనిపించి కోపం కూడా వచ్చేది. చూశారా నా దౌర్భాగ్యం, ఆయన మీద కోపం!

వీడ్కోలు సభ చిన్న హాలులో పెట్టారు. పొద్దున్నే నిశ్చయించుకున్నాను, అందరిముందూ తిట్టాను కాబట్టి అందరిముందే చెప్పేస్తానని. మైకు ముందు నిలబడ్డాను. మొదటి వరసలో బాబాయ్ కొత్త చొక్కా వేసుకుని కూర్చున్నాడు, చేతులు ఒళ్ళో ఉన్నాయి. తెల్లటి చేతులు. నోరు తెరిచాను. నిరాడంబరుడు, నిజాయితీపరుడు, అజాతశత్రువు అన్నాను. చప్పట్లు కొట్టారు. బాబాయ్ తల వంచుకుని పూలగుత్తికి కట్టిన దారం ముడి విప్పుతూ కూర్చున్నాడు.

సభ అయ్యాక నా బల్ల మీద ఆయన చెక్కపెట్టె ఉంది. తాళంచెవితో సహా వదిలి వెళ్ళాడు. తెరిచాను. తేదీల వరసలో తల్లి స్లైడులు. నా వేళ్ళు వాటంతట అవే ఆ తేదీ దగ్గర ఆగాయి. తీసి మైక్రోస్కోపు కింద పెట్టాను.

నీలం. అంచున పల్చగా, మధ్యభాగమంతా చిక్కగా.

ఆ రోజు "ఒక్కసారి ఇది చూడమ్మా" అని తెచ్చింది ఇదే. నా జాడీలోంచి చుక్క తీసుకుని, తన చక్కెర కలుపుకున్నాడు, ఎప్పటిలాగే. రంగు వచ్చింది. గ్రంథి బతికే ఉందని, నా జాడీలో చక్కెరే పడలేదని నాకన్నా ఎనిమిది రోజులు ముందే ఆయనకి తెలుసు. రుజువు ఈ పెట్టెలో పెట్టుకుని తొమ్మిదేళ్ళు సీసాలు లెక్కపెట్టాడు.

మెట్లు దిగి పరుగెత్తాను. గేటు దగ్గర ఒక్కడే నిలబడి బస్సు కోసం చూస్తున్నాడు.

"ఎందుకు చెప్పలేదు మీరు?" అన్నాను. అడగాల్సింది నేనైనట్టు!

"చెప్పడానికే వచ్చానమ్మా ఆ రోజు. నువ్వు వినే స్థితిలో లేవు."

"ఆ తర్వాత?"

"తర్వాత నీకే తెలిసిందిగా. రిజిస్టరు నిండిపోయి స్టోరుకి వచ్చినప్పుడు పదిహేడు చూశాను. ఫ్రీజరులో పొట్లం లేకపోవడం అంతకుముందే చూశాను." బస్సు వచ్చే వైపు చూశాడు. "నువ్వే చెబుతావనుకున్నాను. మొదటి ఏడాది రోజూ అనుకున్నాను."

అంత నోరు, ఎక్కడికి పోయిందో! బాబాయ్ జేబులోంచి ఒక చీటీ తీసి ఇచ్చాడు. "ఆ స్లైడు ఆవిడది. దుకాణం చిరునామా ఇది. నాకు మోకాళ్ళ నొప్పులు, నువ్వు ఇచ్చెయ్యి" అన్నాడు. బస్సు వచ్చింది, ఎక్కేశాడు.

అది బట్టలకి మరమ్మతులు చేసే దుకాణం. రెండు కుట్టుమిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల, గోడనిండా తగిలించిన కోట్లు. ఆవిడ ఒక పాత జిప్పు కుట్లు విప్పుతోంది. నేను ఎక్కడినుంచి వచ్చానో చెప్పగానే పని ఆపేసింది. స్లైడు ఇస్తే, చేతులు తుడుచుకుని అంచులు పట్టుకుని అందుకుంది.

"అంచులే పట్టుకోవాలని ఆయన చెప్పారు" అంది. దీపం వైపు ఎత్తి చాలాసేపు చూసింది. "నేను భయపడుతూ వచ్చానండీ ఆ రోజు, పాడైందంటారేమోనని. ఆయన స్టోరులో కూర్చోబెట్టి ఇది చూపించారు. మా దగ్గర ఒక అమ్మాయి ఉంది, తిండి కూడా మర్చిపోయి పనిచేస్తుంది, ఆ అమ్మాయి చేతిలో ఇది వృథా పోదు అన్నారు. కోపం ఎక్కువ గానీ మనసు మంచిదట." నా వైపు తిరిగింది. "ఆ అమ్మాయి మీరేనా?"

తల ఊపాను. అవునన్నానో కాదన్నానో నాకే తెలియదు.

"అప్పట్లో మీకు ఒక దండం పెట్టుకోవాలనుకున్నాను. కుదరలేదు" అంది. చేతులు జోడించబోతుంటే పట్టుకుని ఆపేశాను. "అవునూ, ఆయన వేళ్ళు వార్డులో చూసినప్పుడు నీలంగా ఉన్నాయి. స్టోరులో చూసేసరికి తెల్లబడ్డాయి. ఏమైందని అడిగితే, పని మారిందమ్మా అన్నారు. ఎందుకు మారిందండీ?"

ఆవిడకి జవాబు చెప్పలేదు. మళ్ళీ వస్తానని చెప్పి బయటపడ్డాను. అక్కడినుంచి నేరుగా బాబాయ్ ఇంటికి వెళ్ళాను. రెండో అంతస్తు. పిన్ని తలుపు తీసింది. నన్ను చూసి చిన్నగా నవ్వి, లోపలికి రమ్మని, కుర్చీ మీది ఊలు ఉండలు తీసింది. చేతొడుగులు ఇంకా అల్లుతూనే ఉంది, వేళ్ళు ఉన్నవీ, వేళ్ళు లేనివీ. బాబాయ్ కిటికీ దగ్గర కూర్చుని మోకాళ్ళకి ఏదో రాసుకుంటున్నాడు.

"ఇచ్చావా?"

"ఇచ్చాను."

పిన్ని మంచినీళ్ళు తెచ్చింది. ఏదో ఒకటి మాట్లాడాలి కదా అన్నట్టు, బాబాయ్ ఎప్పుడూ అడిగేదే అడిగాడు.

"రంగు బాగా వస్తోందా అమ్మా?"

"ఆ రోజు రాలేదు బాబాయ్" అన్నాను. "చక్కెర వెయ్యడం మర్చిపోయాను. గొట్టం నా జేబులోనే ఉండిపోయింది. నువ్వేం పాడుచెయ్యలేదు. ఎనిమిదో రోజుకల్లా నాకు తెలుసు. తెలిసే నోరు మూసుకున్నాను."

తొమ్మిదేళ్ళ తర్వాత మళ్ళీ నువ్వు అన్నానని అన్నాకగానీ నాకు తెలియలేదు. గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు వినబడింది. పిన్ని ఆయన వైపు చూస్తోంది.

"అంటే, మీరు పాడుచెయ్యలేదా?"

"లేదు."

"నాతో చేశానన్నారే!"

"ఫైల్లో అలా ఉందని చెప్పాను. నీకు అసలు సంగతి చెబితే ఊరుకునేదానివా? వెళ్ళి ఈ పిల్లని కడిగేసేదానివి."

పిన్ని కుర్చీలో కూలబడింది. ఊలు ఉండ ఒకటి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. నాతో అంది, గట్టిగా కాదు, మామూలుగానే.

"ఆ తల్లిని నేనెప్పుడూ చూడలేదమ్మా. ఆవిడ గుర్తొచ్చినప్పుడల్లా మా ఆయన తరఫున తొమ్మిదేళ్ళుగా నేను సిగ్గుపడుతున్నాను. ఆ సిగ్గు నీదన్నమాట."

నేను బాబాయ్ కాళ్ళ దగ్గర కూర్చున్నాను. 'పర్వాలేదులే' అంటాడని ఆశపడ్డాను, అబద్ధమెందుకు, ఆ ఒక్క మాట కోసమే అంత దూరం వచ్చాను. ఆయన ఆ మాట అనలేదు.

"నా గురించి ఏదో రాయమన్నారట నిన్ను?" అన్నాడు.

"అవును."

"ఇది రాయి. రిజిస్టరులో ఆ నంబరు కూడా దిద్దు. ఆవిడకి కూడా చెప్పు, ఆవిడ అడిగింది కదా."

రిజిస్టరు దిద్దాను. పదిహేడు కొట్టేసి '11 - ఎడమ' అని రాసి, కింద సంతకం చేశాను. పేపరు అచ్చువేసిన పత్రికకి ఉత్తరం పంపాను. రేపు ఆ దుకాణానికి వెళ్తున్నాను. సంచిక వాళ్ళు ఇచ్చిన రెండు పేజీలు ఎప్పుడో దాటిపోయాయి, వేస్తారో వెయ్యరో వాళ్ళ ఇష్టం. వెయ్యకపోతే నోటీసు బోర్డు మీద నేనే అంటిస్తాను. నువ్వు చెప్పినట్టే రాశాను బాబాయ్, తేదీ కూడా వేశాను.